జీపు మేడం

జిల్లా బాలల సంరక్షణ విభాగానికి స్వరూపారాణి పెద్ద అధికారి. ఇటుక బట్టీల్లోంచి, పెళ్లి పీటల మీది నుంచి ఎందరో పిల్లల్ని జీపులో ఎక్కించుకుని తెచ్చింది. గోదావరిఖనిలో ఆమె ఉండే గల్లీకి ఆ జీపు ఒక్కటే గుర్తుంది. మారాం చేసే పిల్లలతో తల్లులంతా ఒకటే మాట చెబుతారు: "జీపు మేడం పట్టుకపోతది."

సాయంత్రం ఆమె గడపలో కూర్చుంటే బయట ఆట ఆగిపోతుంది. ఆమె వాకిట్లో పడ్డ బంతి కోసం ఎవరూ రారు. పిల్లల్ని భయపెట్టి పెంచొద్దని ప్రతి మీటింగులో గొంతు చించుకునే మనిషికి ఇంటి దగ్గర దక్కిన మర్యాద ఇది.

ఒక ఆదివారం పక్కింటి లావణ్య తలుపు కొట్టింది. ఆమె భర్త బొగ్గుబాయి డ్యూటీకి పోయాడు.

"మేడం, జెర మా ఇంటికి వస్తరా?"

ఈ గల్లీకి వచ్చాక అదే మొదటి పిలుపు. స్వరూపారాణి చీర మార్చుకుని, గిన్నెలో నాలుగు సకినాలు పెట్టుకుని వెళ్లింది.

లోపల లావణ్య కూతురు హర్షిణి కంచం ముందు మూతి బిగించుకుని కూర్చుంది. మేడంను చూడగానే నోరు తెరిచింది. కళ్లనిండా నీళ్లతో ముద్ద మీద ముద్ద మింగింది.

స్వరూపారాణికి కోపం వచ్చింది.

"సాలు మేడం, తింటున్నది. ఇగ మీరు పోండ్రి," అంది లావణ్య సంతోషంగా. సకినాల గిన్నె వైపు చూడనే లేదు. "రేపు గూడ గీ యాళ్లకు వస్తరా?"

స్వరూపారాణి వస్తానంది.