అమ్మ మాటలకు కోసిన పన్ను

లెక్కలంటే నాకు భయం లేదు. తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేది నేనే. చక్రవడ్డీని బోర్డు మీద నాలుగు వరుసల్లో తేల్చేస్తాను. అలాంటిదాన్ని, మా అమ్మ ఫోనులో మాట్లాడి సంపాదించిన కాసిని రూపాయలు ఎవరి ఆదాయమో తేల్చలేక నెలల తరబడి పిచ్చిదానిలా తిరిగాను. ఇప్పటికీ పూర్తిగా తేలిందని చెప్పలేను.

ఫోనులో మాట్లాడితే డబ్బులిచ్చే కంపెనీ ఒకటుందని బడిలో తోటి టీచరు చెప్పింది. కంప్యూటర్లకు తెలుగు నేర్పడానికి మన ఊళ్ళ మాటలు కావాలట. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడాలన్నది షరతు. సాయంత్రం తలుపేసుకుని కూర్చుని, ఎంతో చక్కగా మాట్లాడి పంపాను. తిప్పికొట్టారు. పాఠం చెబుతున్నట్టుందట. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు మరెలా ఉంటుంది?

పట్టుబట్టి మళ్ళీ మొదలుపెట్టి, మధ్యలో మంచినీళ్ళకని లేచాను. ఫోను మాత్రం వింటూనే ఉంది. వంటింట్లో అమ్మ పాలు పొంగబెట్టుకుని పొయ్యిని, పాలవాణ్ణి, వాడి పాలల్లోని నీళ్ళని కలిపి తిడుతోంది. చూసుకోకుండా అదే పంపేశాను. మర్నాడు జవాబొచ్చింది, ఇలాంటివి ఇంకా కావాలని.

అప్పటినుంచి మాట్లాడే పని అమ్మదైంది. చిత్తూరు మామిడి మండీలో కాయలు ఏరే పనిలో సగం వయసు గడిపిన మనిషి. ఆమెకు మాటలకు కరువా? "తొడిమ కాడ గుంత పడిందంటే కాయ ముదిరినట్టే. గుంత పడకముందే కోసి అమ్మినోడు దొంగ నాయాలు" అని ఫోనుకే పాఠం చెప్పేది. డబ్బు పంపడానికి కంపెనీవాళ్ళు పాన్ కార్డు అడిగారు. అమ్మకు లేదు, నాది ఇచ్చేశాను. ఒక ఇంట్లో మనుషులం, ఎవరిదైతే ఏమిటనుకున్నాను. వాళ్ళూ సరేనన్నారు. నేను కాలు జారింది అక్కడే.

డబ్బు నా ఖాతాలో పడగానే తీసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టేదాన్ని. ఆమె దాన్ని నడుముకు దోపుకునే వక్కాకు తిత్తిలో వేసుకునేది. ఆమెకు వితంతు పింఛను కూడా వస్తుంది. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం అబ్బాయి ఇంటికి తెచ్చి, వేలిముద్ర వేయించుకుని ఇచ్చి పోతాడు. ఆ రోజు అమ్మ తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గడప దగ్గర కూర్చుంటుంది. ఆ డబ్బు మాత్రం తిత్తిలోకి పోదు. నాయన ఫోటో ముందు పెడుతుంది. సాయంత్రం తీసి ఇంటి ఖర్చుకు నాకిస్తుంది. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు.

ఒకసారి చూసుకుంటే కంపెనీవాళ్ళు ప్రతిసారీ పదో వంతు తగ్గించే పంపుతున్నారు. ముసలామె నోటి కష్టం తింటారా అని ఘాటుగా రాసేశాను. అది మీ పేరున ప్రభుత్వానికి కట్టిన పన్ను, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుందన్నారు. మరి వెనక్కి ఇచ్చేదాన్ని తీసుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. సరే, వేద్దామనుకున్నాను.

అంతలో పక్కింటావిడ అంది: "అయ్యో, ఆ పని చేసేవు! ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇంట్లో ఒకరి పేరు కనబడితే చాలు, బియ్యం కార్డు పోతాది, పింఛనూ పోతాది." అమ్మా నేనూ ఒకే కార్డులో ఉన్నాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పోయిన పదో వంతుకోసం వెళ్ళి అమ్మ పింఛను పోగొట్టాలా?

సచివాలయం అబ్బాయిని అడిగాను. తల గోక్కున్నాడు. "పన్ను కట్టేవాళ్ళు ఇంట్లో ఉంటే పింఛను రాదక్కా. రిటర్న్ ఏసి వెనక్కి తీసుకునేవాళ్ళ సంగతి నాకూ సరిగ్గా తెలీదు. యాడో పైన కంప్యూటర్ సూస్తాది. అదేమనుకుంటాదో మనకేం తెలుస్తాది?"

బస్టాండు దగ్గర మేడ మీద కూర్చునే ఆడిటరు దగ్గరకు వెళ్ళాను. ఏం పని చేసి సంపాదించారని అడిగాడు.

"మాట్లాడి."

"ఉపన్యాసాలా మేడమ్?"

"కాదు, తిట్లు. మధ్యలో మామిడికాయలు."

కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. మొత్తం చెప్పుకొచ్చాను. మాట్లాడింది అమ్మ, డబ్బు చేరిందీ అమ్మకే, కార్డు మాత్రం నాది. "అట్లయితే ఆదాయం అమ్మగారిదే" అన్నాడు. మరి ఆమె పేరుతో వేయమన్నాను. "కోసిన పన్ను మీ పేరు మీద ఉండాది గదా, ఆమెకు యట్లొస్తాది?" అన్నాడు. అయితే నాదేనా? "కాగితం మీద మీదే." నిజంగా? "నిజం సంగతి నన్నడగద్దండి." అసలు వదిలేస్తే? "మీ ఇద్దరి సంపాదనా పన్ను పడేంత లేదు. ఎవురూ తరుముకోని రారు. అయినా లెక్కలో కనబడతానే ఉంటాది. మీ ఇష్టం."

మీ ఇష్టం అన్న మాట వింటే చాలు, ఆ రోజుల్లో ఎవరినైనా కరవాలనిపించేది. వేస్తే పింఛను భయం. వేయకపోతే, ఏదో దాచిపెట్టిన దొంగలా ఫోను మోగినప్పుడల్లా ఉలికిపాటు. నా పేరుతో వేస్తే, అమ్మ కష్టాన్ని నాదని సంతకం పెట్టినట్టు. బడిలో పిల్లలకు x విలువ కనుక్కోమని చెబుతూ, ఆ x ఎవరిదో అని నిలబడిపోయేదాన్ని. అమ్మకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పింఛను పోతుందేమోనన్న మాట ఆమె చెవిన పడితే ముద్ద మింగదని నా భయం.

పక్కింటావిడ నోరు ఊరుకుంటుందా? ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ గడపలోనే కాసుకుని ఉంది.

"ఏమే, నా మాటలకు పన్నంట, నా పింఛను పోతాదంట, ఊరంతా తెలుసు, నాకే తెలీదా?"

సంచి కూడా దించకుండా అంతా చెప్పేశాను. పింఛను గురించి ఏడుస్తుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"పేరు ఎవురిది రాస్తావు?"

"నాదే రాయాలంట."

"మాట్లాడింది ఎవురు?"

"నువ్వే."

"మళ్ళ నీ పేరెందుకే? మండీలో ఏరింది నేను, దుడ్లు మీ నాయన చేతికిచ్చేవాళ్ళు. ఇప్పుడు మాట్లాడింది నేను, పేరు నీదా?"

సిగ్గేసింది. సంచి దించి ఆడిటరు నంబరు వెతికాను.

మర్నాడు ఇద్దరం కలిసి ఆడిటరు దగ్గరకు వెళ్ళాం. కోసిన పన్ను నా పేరున ఉంది కాబట్టి ఆ యేటి రిటర్న్ నాతోనే వేయించాడు. అమ్మకు కొత్త పాన్ కార్డుకు రాయించాడు. ఇకమీదటి డబ్బు ఆమె ఖాతాలోనే పడేలా కంపెనీకి చెప్పాం. "అమ్మా, రేపు మీ పేరు కూడా లెక్కలోకి వస్తాది, పింఛను సంగతి బాగా ఆలోచించుకున్నారా?" అని ఆయన అడిగితే, "నేను ఆలోచించుకోకుండానే ఈ మెట్లన్నీ ఎక్కినానా అబ్బా?" అంది. కోసిన డబ్బు కొన్నాళ్ళకు వెనక్కి వచ్చింది. అది తిత్తిలోకే పోయింది.

ఆ తర్వాతి ఒకటో తేదీ పొద్దున అమ్మ ఎప్పటిలాగే తలకు పోసుకుని గడప దగ్గర కూర్చుంది. సచివాలయం అబ్బాయి మిషను ముందుకు చాపాడు. అమ్మ వేలు పెట్టింది. మిషను ఏదో ఆలోచిస్తోంది. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి తీసుకుంది. డబ్బిచ్చి వెళ్ళిపోయాడు.

రిటర్న్ వేసినా ఏమీ కాదనా, పై కంప్యూటర్ ఇంకా చూడలేదనా? నాకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు.

అమ్మ లేచి ఆ నోట్లను నాయన ఫోటో ముందు పెట్టింది. నేను ఉండబట్టలేక అడిగేశాను. "వచ్చే నెల రాకపోతే ఏం చేస్తావుమా?"

"రాకుంటే రాకపాయ. ఇవి మీ నాయన పోయినాడని ఇచ్చే దుడ్లు, అందుకే ఆయన కాడ పెడతా ఉండా." నడుముకున్న తిత్తిని తడుముకుంది. "ఇవి నేను మాట్లాడితే ఇచ్చినారు. రెండిట్లో నావి యావో చెప్పు, లెక్కల టీచరువి గదా."

తిత్తిలోవేనని చెప్పాను. ఆమె ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.