జాబితాలో చేరిన ఒక్క వరుస

శాసనసభ సచివాలయంలో నేను సెక్షన్ ఆఫీసరుగా ఉన్న రోజులవి. కొత్త పే స్కేళ్లు వచ్చిన ఏడాది, సెలవు పెట్టి ప్రొద్దుటూరులో నాన్న దగ్గరికి వచ్చాను. మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు బైండరు, తనూ సెలవు మీద వచ్చి ఉన్న వాళ్ల ఊరు పులివెందుల నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. సభలో సభ్యులు మాట్లాడిన ప్రతి మాటా అచ్చయి వస్తే, ఆ కాగితాలను కుట్టి, అట్టలు వేసి పుస్తకాలుగా చేసేది అతనే. ఇరవై ఏళ్లుగా అదే పని.

చేతిలో కొత్త స్కేళ్ల జాబితా జిరాక్సు. గడపలోనే నిలబడి అన్నాడు.

"అక్కా, మూడుసార్లు చదివినా. అటెండరు ఉండాడు, డ్రైవరు ఉండాడు. నా పోస్టు యాడా ల్యాదు."

నేనూ వెతికాను. నిజమే. అన్ని శాఖల పోస్టులకూ కలిపి వేసిన జాబితా అది. ఇతని పోస్టు లాంటిది మరే శాఖలోనూ లేదు. జాబితాలో లేకపోతే పాత స్కేలులోనే ఉండిపోతాడు.

"ఇన్నేండ్లు కుడతానే ఉండా గదక్కా. నేను ల్యానట్టేనా?"

నాన్న జమ్మలమడుగు కోర్టులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. "కూసోప్పా, ముందు కాఫీ తాగు" అని, బీరువాలోంచి తెలుగు రాజ్యాంగం తీసి, నూట ఎనభై ఏడో అధికరణం వెతికి వివరించారు. శాసనసభకు సొంత సచివాలయం ఉండాలి. అందులో పనిచేసేవాళ్ల ఉద్యోగ షరతుల మీద సభ చట్టం చేయవచ్చు. అది చేసేదాకా, స్పీకరును సంప్రదించి గవర్నరు నియమాలు చేయవచ్చు.

"గవర్నరా సామీ? నా గురించా?"

"నీ గురించేప్పా."

ఏళ్ల తరబడి ఆ అధికరణం నంబరు ఫైళ్ల మీద రాసిన చెయ్యి నాది. దేశమంతటికీ రాజ్యాంగం రాస్తూ ఆ పెద్దలు, సభలో కాగితాలు కుట్టే మనిషి సంగతి ఎవరు చూడాలో కూడా ఆలోచించి పెట్టారని ఒక్కనాడూ నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం కూర్చుని అర్జీ రాశాం. సెలవు అయ్యాక నేనే ఫైలు కట్టాను. అది స్పీకరు దగ్గరికి, ఆర్థిక శాఖకు వెళ్లింది. ప్రశ్నలతో రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ పోస్టు ఎప్పుడు మంజూరైందో చూపించడానికి పాత రిజిస్టర్లన్నీ దులిపాను. ఎనిమిది నెలలు పట్టింది.

చివరికి గవర్నరు పేరు మీద సవరణ ఉత్తర్వు వచ్చింది. జాబితాలో ఫలానా వరుస తర్వాత ఈ కింది పోస్టు చేర్చవలెను అని, కింద బైండరు అన్న మాట, దాని పక్కన కొత్త స్కేలు. అంతే. ఆ ఒక్క వరుస కోసం ఎంతమంది పెద్దలు సంతకాలు పెట్టారో ఫైలు తిరగేసి లెక్కపెట్టుకున్నాను.

కాగితం పట్టుకుని కింది గదికి పోయాను. అతను అట్టకు బంక పూస్తున్నాడు. చూసి, "ఉండక్కా" అని కుళాయి దగ్గరికి పోయి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"ఇంగ తీసెయ్యరు గదక్కా?"

"తియ్యరు. మళ్లా స్కేళ్లు మార్చినా, ఈ వరుసను చూసే మార్చాల."

"ఒక్క మనిషికి ఇంత పెద్ద పనా!" అంటూ అతను ఆ కాగితాన్ని రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు.