పడుగు మార్చని వీరుడు

పెనుకొండ కోట చూడడానికి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పే అబద్ధం సొరంగం గురించి. కొండ కింద నుంచి లేపాక్షి దాకా సొరంగం ఉందనీ, చిన్నప్పుడు అందులో సగం దూరం పోయాననీ చెబుతాను. "మిగతా సగం?" అని ఎవరైనా అడిగితే, "ఆకలైంది, పైకొచ్చి బస్సెక్కినా" అంటాను. నవ్వుతారు. ఆ నవ్వుల మీదే నా బతుకు నడుస్తోంది.

మా బావ మాత్రం నవ్వడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. పొద్దున మగ్గం గుంతలో కాళ్ళు పెడితే సాయంత్రానికి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటివాడికి పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎప్పుడూ వాడని నోరు బాగానే ఉంది, రోజూ వాడే చెయ్యి పోయింది. దేవుడు కూడా అప్పుడప్పుడూ నాలాంటి పరిహాసాలు ఆడుతుంటాడు.

ఆయన కూతురికి, అంటే నా మేనకోడలికి, హిందూపురంలో చీరల అంగడి ఉంది. "నాయనా, అంగట్లో కూచో. పట్టు గురించి నీకు తెలిసింది వచ్చినోళ్ళకు చెప్పు, చాలు" అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. అంగడికి పోతే తాను ఇక నేతగాడు కాడని తానే ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయన బాధ. వేళ్ళు కదిలించమని డాక్టరిచ్చిన రబ్బరు బంతిని వీధిలోకి విసిరేశాడు, అదీ ఎడమచేత్తో.

చివరికి ఆ పిల్ల తన పాత లాప్‌టాప్‌లో ఒక ఆట పెట్టి, కుడిచేతి కింద మౌసు ఉంచి పోయింది. మంత్రాలూ రాక్షసులూ ఉండే ఆట. తొందరేమీ లేదు, మన వంతు అయ్యేదాకా రాక్షసుడు కూడా గద పట్టుకుని నిలబడే ఉంటాడు. అంత మర్యాద నేను రేషను అంగడి కాడ కూడా చూడలేదు. తోడుగా కూర్చోమని నన్ను పురమాయించింది. ఆదివారాలు రైలెక్కి ధర్మవరం పోయేవాణ్ణి.

ఆటలో ముందు మన మనిషిని మనమే తయారు చేసుకోవాలి. మొదటి ప్రశ్న: ఏ క్లాసు?

"అంటే ఏ కులమనా?" అన్నాడు బావ.

"కులం కాదు బావా. పని. కత్తివీరుడా, మంత్రగాడా, దొంగా, పాటగాడా అని."

"మనకాడ రెండూ ఒకటే గదప్పా."

వీరుణ్ణి ఎంచుకున్నాడు. ఒక్కో లెవెల్ పెరిగినప్పుడల్లా కావాలంటే ఇంకో క్లాసు కలుపుకోవచ్చు. పాటగాణ్ణి కలపమన్నాను. అందులో పాటగాడు ఎగతాళి చేస్తే చాలు, రాక్షసుడికి దెబ్బ తగులుతుంది.

"అది నువ్వేలేప్పా" అన్నాడు. అన్నా, కలిపాడు. ఒక లెవెల్ వీరుడికి, ఒకటి పాటగాడికి, మళ్ళీ వీరుడికి, చారల చీర నేసినట్టు. వంతెన దగ్గర ఒక బండ రాక్షసుడు ఎదురయ్యాడు. మావాడి కత్తి సగమే దిగింది, పాట సగమే తగిలింది. వాడు ఒక్క గుద్దుతో మావాణ్ణి ఏట్లో పడేశాడు.

బావ మొహం నల్లబడింది. "పడుగు చూసుకోకుండా పేక కొడితిమి" అన్నాడు. పడుగంటే నేత మొదలుకాకముందే మగ్గానికి నిలువునా కట్టే దారాలు, చీర దిగేదాకా మార్చలేము. పేక అడ్డంగా పోయే దారం, ఎక్కడైనా మార్చుకోవచ్చు. ఈ ఆటలోనూ అంతే. వీరుడిగా మొదలుపెట్టినవాడికే బరువైన కవచం దక్కుతుంది. తర్వాత కలిపేదంతా పేకే.

"పరవాలేదు బావా. ఆటలో గుడారం కాడ ఒక ముసలాయన ఉంటాడు. ఆయన మనిషికిచ్చిన క్లాసులన్నీ విప్పేసి మళ్ళీ మొదట్నుంచి కట్టుకోనిస్తాడు."

బావ మౌసు వదిలి తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "అట్లాంటాయన ఈడ యాడన్నా ఉండాడా?"

"ఉండాడు, చెన్నేకొత్తపల్లి దాటినాక" అన్నాను, అలవాటు కొద్దీ.

"పోదాం పా." లేచి చెప్పుల కోసం వెతుకుతున్నాడు. ఎడమచేత్తో గోడ పట్టుకున్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. కళ్ళలో నీళ్ళున్నాయి. ఇన్నేళ్ళలో నా మాట నిజమని నమ్మి లేచి నిలబడినవాడు ఆయనొక్కడే.

"లేడు బావా."

"లేడా?"

"లేడు."

కూర్చున్నాడు. కాసేపటికి ఆటలోని ముసలాయన దగ్గరికి పోయి మనిషిని విప్పించాడు. మొదటి క్లాసుగా పాటగాణ్ణి పెట్టుకోవచ్చు, ఎవరూ అడ్డం రారు. బాణం గుర్తు పాటగాడి మీద చాలాసేపు వణికింది. మళ్ళీ వీరుడి మీదికే వచ్చింది. లెవెళ్ళన్నీ వీరుడికే ఇచ్చి, చివరన ఒక్కటి పాటగాడికి ఇచ్చాడు.

"పాపకు చెప్పు, అంగడికి వస్తాను. మగ్గం మీది పడుగు మాత్రం ఎవురూ కొయ్యగూడదు."

హిందూపురం అంగట్లో మొదటిరోజు నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. తల్లీకూతుళ్ళు వచ్చారు. తల్లి ఒక ఎర్రచీర విప్పి, "జరీ నిలబడతాదా?" అని ఆయన్నే అడిగింది. బావ గొంతు సర్దుకున్నాడు. కొంగు పట్టుకున్నాడు. మళ్ళీ గొంతు సర్దుకున్నాడు. నా నాలుక మీద ఆ చీరకు సరిపడా రాజులూ రాణులూ వరసగా నిలబడ్డారు. మేనకోడలు కళ్ళతోనే, "మామా, నువ్వు ఊరికే ఉండు" అంది. ఉన్నాను.

"ఆయనకు ఇనపడదేమోలేమ్మా, పా" అని కూతురు లేచింది. ఆటలోలాగా వంతు కోసం ఎవరూ ఆగలేదు. మెట్లు దిగిపోయారు.

"నిలబడతాదమ్మా" అన్నాడు బావ, ఖాళీ గడప వైపు చూస్తూ.

మేనకోడలు చీర మడతపెట్టే నెపంతో మొహం అటు తిప్పుకుంది. గల్లాపెట్టె చాటున ఆయన కుడిచేతి వేళ్ళు మగ్గంలో పేక దారం నాడెను తోస్తున్నట్టు కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

"పాటగాడికి ఒక్క లెవెలే గదప్పా ఇచ్చింది" అన్నాడు నాతో.

నవ్వడానికే అన్నాడేమోనని మొహంలోకి చూశాను. ఏమీ తెలియలేదు. నేనూ నవ్వలేదు.