కుండ అడుగు

జనం మాస్కులు తీసేసిన ఏడాది అది. అబుదాబీలో ఒక తెలుగు వాళ్ళింట్లో వంట చేసేదాన్ని. ఒక ఆదివారం సార్ తన ఆఫీసు ముదీర్‌ని వెంటబెట్టుకుని, ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న పాత రేవు ఊరికి మ్యూజియం చూడ్డానికి బయలుదేరారు. ఆ పెద్దాఫీసరూ తెలుగాయనే. టిఫిన్ డబ్బాలు మోయడానికి నేను.

కారెక్కే ముందే మేడమ్ హెచ్చరించారు. “ఆయన ముందు నోరెత్తకు. ఈ నెలే నీ వీసా రెన్యువల్, గుర్తుంచుకో.”

వీసా పెట్టించే కఫీల్ సారే. ఇంకేం చెప్పాలి?

మ్యూజియంలో పూసలు, నాణేలు దాటాక, అద్దం వెనక మసిబారిన కుండ ఒకటి కనిపించింది. ఒక పక్క పగిలి ఉండటంతో లోపలి గుంటలు వరసగా తెలుస్తున్నాయి. అక్కడే ఆగిపోయాను.

ముదీర్ వంగి చూశారు. “లోపలంతా సొట్టలే. పాపం, ఇది చేసినవాళ్ళకి పని రాదు” అని నవ్వారు. సార్, మేడమ్ కూడా నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. మాది గోదావరి పక్క కుమ్మరిల్లు. ఆ సంగతి రెండేళ్ళుగా వీళ్ళ దగ్గర దాచి, వ్యవసాయమని చెప్పుకొచ్చాను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు సారె, అదే కుండలు చేసే చక్రం, ముట్టకూడదు. కానీ సారె మీంచి దిగిన కుండకి అడుగుండదు. లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి ఆ అడుగు మూసేది ఆడవాళ్ళమే. పదేళ్ళప్పటి నుంచీ నేనూ కొట్టాను.

“సొట్టలు కావండి, రాయి ఆనిన గుర్తులండి. ఆ దెబ్బలు తినకపోతే కుండకి అడుగే లేదండి.”

“నీకెలా తెలుసు?” అన్నారు ముదీర్.

“ఆయ్, మాది కుమ్మరిల్లండి. ఆ పని నేను చేశానండి.”

ఆయన పక్కనున్న బోర్డు చదివారు. ఇండియా నుంచి ఓడలో వచ్చిన వంటకుండట. వంటకి వచ్చినదాన్నే నేనూ. దానికైతే అద్దం కట్టి, దీపం పెట్టారు.

మేడమ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “సారీ చెప్పు.”

“చెప్పనండి.”

“వీసా?”

“మీ ఇష్టమండి.”

రెన్యువల్ చేయించలేదు. ఊరికి పంపించేశారు. ఎనిమిది నెలలకి వేరే వాళ్ళ వీసా మీద మళ్ళీ వచ్చాను, ఇప్పుడు అబుదాబీ పక్కనే బనియాస్‌లో వండుతున్నాను. కొత్త మేడమ్ నా పేరు అడిగారు. పేరు చెప్పాను. ఆవిడ అడక్కుండానే, మాది కుమ్మరిల్లని కూడా చెప్పాను.