తాళం ఎవరూ పగలగొట్టలేదు

ఒకప్పుడు పోస్టుకార్డు మీద మూడు వాక్యాలు రాశాను. ఇరవై ఏళ్లు దాటిపోయింది. మూడూ అబద్ధాలే. ఆ బరువు ఇంకా దిగలేదు. ఈ సంగతి నా భార్యకు తెలియదు. పాస్టరుగారికి చెప్పలేదు. పోయేముందు మా అమ్మ అడిగినా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను. నా మీద నాకే విసుగెత్తిపోయింది.

అరవై తొమ్మిదిలో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ దవాఖానలో ఆయా. నేను డిగ్రీ చదువుతున్నాను. అదే ఆవరణలో పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చిన సుబ్బలక్ష్మిగారు, ఆఫీసు ఉద్యోగి అయిన ఆమె భర్త ఉండేవారు. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి.

అక్క సీరియల్ కోసం వారపత్రిక కొనేది. చదివేది మాత్రం కాదు. పత్రిక చేతికి రాగానే, అక్షరాల మీద చూపు పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, ఆ పేజీలు చింపేది. మడిచి, గుండుసూది గుచ్చి, ట్రంకుపెట్టెలో పెట్టేది. కథ అయిపోయాక అన్నీ కలిపి కుట్టించి, అట్ట వేయించి, ఒక్క బిగిన చదవాలి. అదీ ఆమె పద్ధతి. "వారానికో ముద్ద పెడితే భోజనం చేసినట్టుంటుందా తమ్ముడూ?" అనేది.

నాది ఇంకో రకం ఆకలి. బస్టాపు కొట్టు నుంచి పత్రిక తెచ్చేది నేనే. దారిలోనే సైకిలాపి ఆ వారం భాగం చదివేసేవాణ్ణి. అన్నను వెతుక్కుంటూ ఇల్లు విడిచి వెళ్లిన ఒక అమ్మాయి కథ అది. తర్వాత ఏమవుతుందో తెలియక ఏడు రోజులు కొట్టుకోవడమే నాకు కథలో సగం. రెండేళ్లు పస్తుండి చదవాలనుకునే మనిషిని చూస్తే నాకు నవ్వు, కాస్త ఈర్ష్య కూడా.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముదిరింది. కాలేజీలు మూతపడ్డాయి. అక్క భర్త సెలవు పెట్టి ఆమెను పుట్టింటికి తీసుకెళ్తున్నారు. చేతి సంచులతోనే బయలుదేరారు. అక్క తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"తులసికి రోజూ చెంబుడు నీళ్లు పొయ్యి. పెట్టె జోలికి మాత్రం వెళ్లకు."

"నేను సదివినయే గదక్కా అన్నీ. నాకేం పని?"

"చదివినవాడివనే భయం. నోరు జారతావు. కథలో ఏమవుతుందో నాకెవ్వరూ చెప్పకూడదు."

"నాకు గుడ ఎర్కలేదు. ఇంక ఒడువలే గద కత."

"మిగతావి అక్కడ కొని దాస్తాను. వచ్చాక రెండూ కలిపి కుట్టిద్దాం. తొంభై మూడున్నాయి ఇక్కడ. జాగ్రత్త నాయనా."

ఆమె వెళ్లాక బస్సులు ఆగిపోయాయి. పత్రిక రావడం మానేసింది. అమ్మాయి రైలు దిగిన చోటే కథ ఆగిపోయింది.

మా వీధిలో మల్లేశ్ అని నా ఈడువాడు ఉండేవాడు. ఊరేగింపులో లాఠీదెబ్బ తగిలి భుజానికి కట్టుతో మంచం పట్టాడు. "ఏమన్నుంటే ఇయ్యిరా సదువనీకె. గోడలు సూసుకుంట సచ్చిపోతున్న" అన్నాడు. తాళంచెవి నా జేబులో ఉంది. మొదటి పది భాగాలు తెచ్చి ఇచ్చాను. మర్నాడే కబురు పంపాడు, తర్వాతి పది కావాలని.

అతని తల్లికి చదువు రాదు. ఆమెకు చదివి వినిపించాడు. పక్కింటివాళ్లు విన్నారు. వారం తిరిగేసరికి ఆరేడు ఇళ్లవాళ్లు నా కోసం వాకిట్లో నిలబడేవారు. "గా పిల్ల ఏమైందిరా? అన్న దొరికిండా?" అక్క ఒప్పుకుందని అందరికీ చెప్పాను. ఒక భాగం తిరిగి ఇస్తేనే ఇంకొకటి. మొదట్లో అదే నియమం.

ఉదారంగా పంచానా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. కాదు. ఊరించడం నాకు నచ్చింది. కొట్టు నుంచి పత్రిక తెచ్చే కుర్రవాణ్ణి కాస్తా, కథ ఎవరికి ఎప్పుడు దొరకాలో నిర్ణయించే పెద్దమనిషినయ్యాను. పొగడ్తకు లొంగి మూడేసి ఇచ్చాను, అడిగినవాళ్లకల్లా ఇచ్చాను, తిరిగి అడగడానికి మొహమాటపడ్డాను. ఏది ఎవరి దగ్గర ఉందో రాసుకోలేదు. అంత చిన్న పని ఎందుకు చేయలేదు? ఇప్పటికీ తల బాదుకోవాలనిపిస్తుంది.

గొడవలు సద్దుమణిగాయి. అక్క కార్డు వచ్చింది. "కథ అయిపోయింది. చివరి పదకొండూ విప్పకుండా దాచాను. వచ్చే నెల వస్తున్నాం."

ఇల్లిల్లూ తిరిగాను. ఒకటి అలమారలో పరిచారు. కొన్ని పొట్లాలు కట్టారు. కొన్ని పిల్లలు పడవలు చేశారు. "గవి మళ్ల ఇయ్యాల్నా?" అని ఒకామె నిజంగానే ఆశ్చర్యపోయింది. మల్లేశ్ తన దగ్గరున్నవన్నీ మడత నలగకుండా తెచ్చిచ్చాడు. అన్నీ కలిపితే ముప్పై ఒకటి.

అప్పుడు రాశాను. "అక్కా, గొడవల్లో ఎవరో మీ తాళం పగలగొట్టారు. నీ కాగితాలు బయటపడేసి తగలబెట్టారు. నేను ఆపలేకపోయాను."

కార్డు డబ్బాలో వేసి, మిట్టమధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు రాయి తీసుకుని ఆ తాళం పగలగొట్టాను. తాళంచెవి జేబులో గుచ్చుకుంటూనే ఉంది.

మా వీధి నివ్వెరపోయింది. మల్లేశ్ ఇంకా సరిగా లేవని చేత్తోనే వచ్చి లోపలంతా చూశాడు. "ఇత్తడి బిందెలు గట్లనే ఉన్నయ్. దొంగైతే గివి ఇడిసిపెడ్తడా? మరి తాళమెందుకు పగలగొట్టిండు?" నా మొహంలోకి చూశాడు. నేను నేల చూశాను. అతను బజారుకెళ్లి కొత్త తాళం కొనుక్కొచ్చి వేశాడు. "అక్క ఒస్తె మనందరి ఇజ్జత్ పోతది" అన్నాడు.

అక్క రాలేదు. ఆయన బదిలీ చేయించుకున్నారు. సామాన్ల కోసం లారీ వచ్చింది. "ఎల్లేటప్పుడు ఒక్క మాటన్న చెప్పకపాయె. ఏం పాపం జేసినం బిడ్డా?" అని అమ్మ చివరి రోజుల వరకూ అడిగేది. ఆ ప్రశ్న రాగానే బయటికి నడిచే కొడుకును ఏమనుకుందో.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల ఎల్బీనగర్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఎవరితోనో అంటున్నారు. "మా వదిన సుబ్బలక్ష్మి రెండేళ్లు దాచిన సీరియల్ కాగితాలండీ. దిల్‌సుఖ్‌నగర్ వీధివాళ్లు తాళం పగలగొట్టి మరీ తగలబెట్టారు. కాగితం ఏం పాపం చేసిందండీ? చివరి పదకొండూ విప్పకుండానే పోయిందావిడ."

చేతిలో ముద్ద అలాగే ఉంది. చెప్పాల్సింది అప్పుడే. "అయ్యా, ఆ వీధి ఆ కథను కాల్చలేదు, ఎదురుచూసి మరీ చదివింది" అనాల్సింది. లాఠీదెబ్బ తిన్నవాడు ఆమె పేజీలను నలగకుండా కాపాడాడని చెప్పాల్సింది. నేను పెరుగు వడ్డించమన్నాను. ఆ వీధి మీద నింద పడేసింది రెండోసారి కూడా నేనే.

ఆ పెద్దాయన ఇల్లెక్కడో కనుక్కున్నాను. రెండుసార్లు ఆ సందు మొదటిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మల్లేశ్ దగ్గరికీ వెళ్లలేదు. వెళ్తానని మాటివ్వను. నా మాటకు విలువేముంది? కాని ఇక్కడ రాసింది ఇక కొట్టివేయను.

ఆ ముప్పై ఒక్క భాగాలు నా దగ్గరే ఉన్నాయి. ఇవాళ మళ్లీ తీశాను. ఒకదాని మీద పసుపు చేతి ముద్ర. ఒకదాని అంచున ఏ పిల్లవాడో వేసుకున్న కూడికలు. ఒకచోట, అమ్మాయి రైలెక్కిన పేజీలో, ఎవరో పెన్సిల్‌తో "పాపం" అని రాశారు. ఒక్కొక్కటీ కిటికీ దగ్గర వెలుగులో పట్టి, రెండు వైపులా చూశాను.

ఏ కాగితం మీదా కాలిన మచ్చ లేదు.