భిక్షపతి గొలుసు, డానియేలు పలక

"జాగను ముందు తొక్కాలె, తర్వాత కొల్వాలె చెల్లె. డానియేలు ఏం తొక్కిండు? మిద్దె మీద మూతంత డబ్బా ఒకటి పెట్టిండు, చేతిల కర్ర పట్టిండు. ఆకాశం చెప్తదట, ఈయన ఇంటడట."

భిక్షపతి ఈ మాటలు అంటున్నది సుశీలమ్మతో. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె, మధ్యాహ్నం మిషను ఆపి ఆయన ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుంటుంది. ఆయన మాట మొదలుపెడితే అడ్డం రాదు. అందుకే కిషన్‌బాగ్‌లో ఆయన కథంతా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ముప్పయ్యొక్క ఏళ్లు సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా చేశాడు. అంటే భూమి కొలిచే గొలుసు మోసే ఉద్యోగం. సంతకం పెట్టేది సర్వేయరే అయినా, ముళ్లకంపలోకి దిగి గుర్తుకర్ర నిలబెట్టేది భిక్షపతి. రిటైరయ్యాక కూడా గోడ తగువొస్తే ఆయనకే కబురు. ఆయనదొక పద్ధతి. గొలుసు ఒక కొస ఈ ఇంటివాళ్ల చేతికిచ్చేవాడు, రెండో కొస పక్కింటివాళ్ల చేతికి. మధ్యలో తను నడుస్తూ లెక్క చెప్పేవాడు. తమ చేత్తో తాము పట్టుకున్న కొలత మీద ఎవరు లొల్లి చేస్తారు? అట్లా ఆయన గొలుసు భిక్షపతి అయ్యాడు.

నిరుడు ఆ పేరు మీదికి డానియేలు వచ్చిపడ్డాడు. బస్సు డిపోలో కరెంటు పని చేసి రిటైరైనవాడు, రెండు గల్లీల అవతల ఉంటాడు. భిక్షపతి కొలువులో ఉన్నప్పుడు ఉపగ్రహాలతో జాగ చూసే యంత్రం ఆఫీసు బీరువాలో ఉండేది. దాని పెట్టె మోసేది ఆయనే, కానీ మూత తీసి ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు అదే పని చేసే బిస్కెటంత పలకలు ఆన్‌లైన్‌లో మామూలు మనుషులకే దొరుకుతున్నాయి. డానియేలు రెండు తెప్పించాడు. ఒకటి మిద్దె మీద కదలకుండా ఉంటుంది, రెండోదాన్ని కర్రకు కట్టి తిప్పుతాడు. ఉపగ్రహాల లెక్కలో వచ్చే తప్పును మిద్దె మీదిది పట్టుకుని ఫోన్ ద్వారా కర్రకు చెబుతుంది. జాగ రెండు వేళ్ల తేడాలో తేలిపోతుంది. వాటితో సరదాకు గల్లీల్లోని మురికినీటి మోరీ మూతలన్నిటికీ నక్షా గీస్తున్నాడు.

జనం మూగి చూస్తుంటే భిక్షపతికి అన్నం సయించలేదు. ఎదురుపడ్డప్పుడల్లా "ఇయ్యాల ఎన్ని మోరీలకు మొక్కినవ్ డానియేలూ?" అని అడిగేవాడు. డానియేలు నవ్వి, నిజంగానే లెక్క చెప్పేవాడు.

పోయిన వారం హుస్సేనీ ఆలంలో పప్పుల వ్యాపారి వెంకటనారాయణ గోదాముకూ, తమ్ముడి గోదాముకూ మధ్య గోడ కూలింది. పాత నక్షా ప్రకారం హద్దు చూపమని ఆయన పిలిచింది భిక్షపతిని కాదు, డానియేలును. భిక్షపతి పిలవకుండానే వెళ్లి గల్లీ మలుపులో చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ అయిపోయేలోగా కొలతా అయిపోయింది. కానీ తేలిన గీత తమ్ముడి గోదాములోకి మూడడుగులు చొచ్చుకుపోయింది. తమ్ముడు అంతెత్తున లేచాడు. భిక్షపతి ఇంకో చాయ్ చెప్పాడు. అంత తియ్యటి చాయ్ ఆయన జన్మలో తాగలేదు.

మర్నాడు డానియేలే ఇంటికొచ్చాడు. తప్పు దాచుకోలేదు. గోడకూ గోడకూ మధ్య కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయట. మిద్దె మీది డబ్బా మాత్రం తానెక్కడున్నదో ఉజ్జాయింపుగా తనే అనుకుని మొదలుపెట్టింది, దాంతో అన్నీ కలిసి ఒకే పక్కకు జరిగాయి. పాత సర్వే రాయి ఒక్కటి దొరికినా చాలు, దాని జాగ తెలిపే అంకెలు నక్షాలో ఉన్నాయి గనక కర్రను దాని మీద నిలబెట్టి అంతా సరిచేస్తానన్నాడు.

"ఆ రాయి యాడున్నదో నీకే ఎరుకన్నా."

ఎరుకే. ఆ చాయ్ హోటల్ ముందు, తను కూర్చున్న బల్ల కిందే, జానెడు మట్టి లోపల ఉంది.

"రోడ్డేసినప్పుడు పీకి పారేసిన్రు" అన్నాడు భిక్షపతి.

అది జరిగి మూడు రోజులు. సుశీలమ్మకు కథ అంతవరకే చెప్పి ఆగాడు. లోపల్నుంచి వింటున్న భార్య కాశమ్మ చాటతో గుమ్మంలోకి వచ్చింది.

"రాయి యాడికి పోలే చెల్లె, ఈయన నోట్లె ఉన్నది. రేపు గోడ పని మొదలుపెడుతున్రట. అన్నదమ్ములు తలకాయలు పగలగొట్టుకున్నంక బయటికి ఉమ్మిస్తడేమో."

భిక్షపతి తల తిప్పుకున్నాడు. సుశీలమ్మ ఆయన్ని తప్పుపట్టలేదు. ఎప్పట్నుంచో మనసులో ఉన్న సందేహం మాత్రం అడిగింది. కర్ర నిట్టనిలువుగా ఉన్నదో లేదో చూసుకుంటూ, ఫోన్ కూడా చూసుకోవడం ఒక్క మనిషికి ఎట్లా కుదురుతుందని.

"ఎట్ల కుదురుతది?" భిక్షపతి చటుక్కున ఇటు తిరిగాడు. "ఫోన్ జూస్తే కర్ర వొంగుతది, కర్ర జూస్తే ఫోన్ పోతది. రెండో మనిషి ఉండాలె. నేను పట్టిన కర్ర ముప్పయ్యొక్క ఏండ్లల్ల ఒక్కపారి వొంగలే."

అని, తన అరచేతులు చూసుకున్నాడు. కాశమ్మ చాట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆయన సుశీలమ్మతోనే అన్నాడు:

"మిషను తర్వాత కుడుదువు గని చెల్లె, జర డానియేలు తానికి పో. రాయి ఉన్నదని చెప్పు. పొద్దుగాల పార తెమ్మను, అన్నదమ్ములిద్దర్నీ ఆడ నిలబెట్టుమను. కర్ర నేనే పట్టుకుంటనని చెప్పు, ఆయన ఫోన్ చూసుకుంటే చాలు."

ఆమె చెప్పులు తొడుక్కుని రెండడుగులు వేశాక మళ్లీ పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"ఇగో, ఆ పలకను ఒక్కపారి చేతికిస్తడా అడుగు. నేనడిగిన్నని చెప్పకు. నువ్వే చూస్తనన్నవని చెప్పు."