అమ్మ పలకని పేరు

నాకు పేరు లేక కాదు. పెట్టారు, ఘనంగానే పెట్టారు. గద్వాల పక్కన వెలసిన అమ్మవారి పేరు నాది. నాకంటే ముందు అది మా నాయనమ్మది. నేను పుట్టడానికి మూడు నెలల ముందే ఆమె పోయింది. ఆడపిల్ల పుట్టిందని కబురు తెస్తే మా నాయన గుంట మగ్గంలోంచి లేవకుండానే, "మా అమ్మ మల్ల వచ్చింది" అన్నాడట. పేరు అక్కడే ఖాయమైపోయింది.

చిక్కల్లా ఒక్కటే. మా వైపు కోడలు అత్త పేరు నోటితో అనకూడదు. అనేవాళ్ళు అంటారు, మా అమ్మ మాత్రం అనదు. అందువల్ల నన్ను కన్న మనిషి నాకు యాభై దాటేదాకా నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఆ పేరు ఇక్కడ నేనూ రాయను. ఆమె అన్నేళ్ళు దాచిన దాన్ని నేను కాగితం మీద ఆరేయడం బాగుండదు.

ఆ పేరుకు అర్థం ఏమిటన్న దాని మీద మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మవారు జమ్ముగడ్డిలో దొరికింది కాబట్టి ఆ పేరొచ్చిందని నాయన అనేవాడు. కాదు, జమ్మిచెట్టు వల్ల వచ్చిందని పెదనాయన. పక్కపక్క మగ్గాల మీద కూర్చుని ఇద్దరూ గంటలకు గంటలు వాదించుకునేవాళ్ళు. చేతులు మాత్రం ఆగేవి కావు, నాడె ఇటునుంచి అటు పోతూనే ఉండేది. నాయనమ్మకు ఆ పేరు ఎందుకు పెట్టారన్న దాంట్లో తగాదా లేదు. వాళ్ళమ్మ నిండు చూలాలిగా జాతరకు పోయి వస్తుంటే దారిలో ఎడ్లబండిలోనే కాన్పయిందట. ఇంక వేరే పేరు ఎవరు వెతుకుతారు?

అమ్మ నన్ను "అవ్వా" అనేది. మా పాలమూరులో అవ్వ అంటే నాయనమ్మ. "అవ్వా, లే, పొద్దెక్కింది." "అవ్వా, జర ఈ నూలు కండెలు నాయనకిచ్చి రా." నాయన నన్ను "అమ్మా" అనేవాడు. ఆరేళ్ళ పిల్లనైన నేను ఆ ఇంటికి పెద్దదిక్కునన్న మాట. నన్ను కొట్టడానికి అమ్మకు చెయ్యి వచ్చేది కాదు. ఎత్తిన చెయ్యి ఊరికే దించలేక, అక్కడే ఉన్న మా అన్న వీపు మీద వేసేది. అన్నకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు. పండుగకు కలిస్తే చాలు, "నీ దెబ్బలు నాకు బాకీ ఉన్నవి, తీసుకుంటవా?" అంటాడు.

ఇదంతా బాగానే ఉండేది, సాయంత్రం అయ్యేదాకా. దీపాలు పెట్టే వేళకు మా వీధిలో తల్లులందరూ వాకిళ్ళలోకి వచ్చి పిల్లల్ని పిలిచేవాళ్ళు. ఒక్కో పేరు చివరి అక్షరం వీధి మొగదాకా సాగేది. పిలుపు విన్న పిల్ల విసుక్కుంటూ ఆట వదిలి పోయేది. ఆ విసుగు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా అమ్మ పిలవకుండా నేరుగా వచ్చి నా జబ్బ పట్టుకుని తీసుకుపోయేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా పేరు కూడా అలా వీధి అంతా సాగాలని ఎంత కోరుకున్నానో.

ఎత్తులు చాలానే వేశాను. వినపడనట్టు నటించాను. అమ్మవారి గుడిలో, "అమ్మా, ఈ తల్లి పేరేంది?" అని అమాయకంగా అడిగాను. అమ్మ రెండు చేతులూ జోడించి, "తల్లి పేరు తల్లే" అంది. నా పేరు నోట రాకూడదన్న జాగ్రత్త కొద్దీ ఆఖరికి దేవతకు కూడా పేరు లేకుండా చేసింది.

బడిలో వేసే రోజు నాయనకు మగ్గం మీంచి చీర దించే పని ఉండి అమ్మ తీసుకుపోయింది.

"పిల్ల పేరేంది?" అన్నాడు సారు.

"అవ్వ, సార్."

"అవ్వనా?"

"ఇంట్ల గట్లనే పిలుస్తం. అసలు పేరు మా అత్తది."

"మీ అత్త పేరేంది మరి?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనెట్ల చెప్త సార్?"

సారు అమ్మ వంక చూశాడు, ఆమె వెనక నిలబడ్డ పదిమందిని చూశాడు, "అవ్వ" అని రాసి పారేశాడు. నేను చెప్పేదాన్నే. నన్నెవరూ అడగలేదు. ఆ ఏడాది పొడుగునా సారు హాజరు పిలుస్తూ "అవ్వ!" అనడం, నేను లేచి "వచ్చిన సార్!" అనడం, "అవ్వా, నీ చేతికట్టె యాడ మర్సినవ్?" అని వెనక బెంచీలు గొల్లుమనడం. మరుసటి ఏడు నాయన పోయి సరిచేయించాడు కానీ, గద్వాలలో నా ఈడు వాళ్ళలో కొందరికి నేను ఇప్పటికీ అవ్వనే. ఇప్పుడు నిజంగానే ఆ వయసుకు దగ్గరపడ్డాను కాబట్టి పట్టించుకోను.

ఆ తర్వాత నేనే టీచర్నయ్యాను. మొదట కోడేరు దగ్గర ఒక ఊళ్ళో, తర్వాత గోపాల్‌పేట వైపు. హాజరు పుస్తకం తెరిస్తే నాకు పేర్లు కాదు, ఇళ్ళు కనపడేవి. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుంటారు, ఆ పెంట పేరే పెడతారు. పీర్లకు మొక్కితే పుట్టిన రైతుబిడ్డకు పీరు పేరు. ఇప్పటి పిల్లల పేర్లు ఫోన్లోంచి వస్తున్నాయి. పెట్టాక నా దగ్గరికొచ్చి, "మేడం, దీనికి అర్థం ఏంది?" అంటారు. నాకు తెలిస్తే చెప్తాను, తెలియకపోతే "మంచిదే" అంటాను. ఏ పేరైనా నేను హాజరు మాత్రం తీరిగ్గా, పూర్తిగా పిలుస్తాను. ఒక్క అక్షరం మింగను. నా కూతురికీ అలాంటి కొత్త పేరే పెట్టాను. మా అమ్మ దాన్ని రోజుకు ఇరవైసార్లు నోరారా పిలిచేది. సొంత కూతురి మీద ఈర్ష్య పడ్డ తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పోయినేడు అమ్మ కంట్లో శుక్లం ముదిరింది. నేనుండేది వనపర్తిలో కాబట్టి ఇక్కడి కంటి దవాఖానలోనే ఆపరేషన్ చేయించాను. మర్నాడు పొద్దున పరీక్షకు రమ్మన్నారు. నాయన చివరిసారి నేసిన చీర కట్టుకున్నాను. ఆకుపచ్చ నూలు, దానికి వెడల్పాటి ఎర్ర పట్టు అంచు. ఎందుకో ఆ రోజు అది కట్టుకోవాలనిపించింది.

వరండా నిండా ముసలమ్మలే. అందరికీ ఒక కంటికి ఒకటే రకం పచ్చగుడ్డ. అమ్మను వాళ్ళ మధ్య బల్ల మీద కూర్చోబెట్టి, కంట్లో వేసే చుక్కల మందుకు పోయాను. వరుస పెద్దది. తిరిగి వచ్చేసరికి అమ్మ లేచి నిలబడి గాలిలో చెయ్యి ఆడిస్తోంది. పక్కన నర్సు, "నీ నంబర్ వచ్చిందమ్మా, నీ తోడు ఎవరు? పిలువు" అంటోంది.

"అవ్వా!" అంది అమ్మ.

బల్ల మీద నాలుగు తలలు తిరిగాయి. "ఏందమ్మా?" అంది ఒకామె.

"మిమ్ముల గాదు, నా బిడ్డను పిలుస్తున్న."

"బిడ్డను అవ్వ అంటరా యాడనన్న?"

"మా అత్త పేరు పెట్టుకున్నం."

"అయితే పేరు వెట్టి పిలువరాదు? అత్త లేచొచ్చి కొడ్తదా?"

అందరూ నవ్వారు. అమ్మ పరేషాన్ అయింది. "లేటైతే నంబర్ పోతదమ్మా" అని నర్సు మళ్ళీ తొందరపెట్టింది. అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గోడ వైపు కొంచెం తిరిగింది. నా పేరు పిలిచింది.

మెల్లగా మొదలుపెట్టి, చివరి అక్షరం సాగదీసి పిలిచింది. అచ్చం మా వీధి తల్లులు పిలిచినట్టే. ఆ ఒడుపు ఆమె గొంతులో ఎన్నేళ్ళుగా ఉందో. నేను స్తంభం పక్కనే ఉన్నాను, పది అడుగుల దూరంలో. నా కళ్ళు నిండిపోయాయి. పలకాలి. పలకలేదు. ఇంకోసారి పిలుస్తుందేమోనన్న ఆశ. ఒక కన్ను కట్టేసుకున్న తల్లిని అట్లా నిలబెట్టడం తప్పని తెలుసు. అయినా ఆగాను.

పిలిచింది. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా సాగదీసి. వరండా అంతా విన్నది.

"ఓ అమ్మా!" అన్నాను.

"చెవుల్ల దూది వెట్టుకున్నవా?" అని, రెండు చెంపలూ టపటపా వేసుకుంది. "అత్తా, తప్పయింది, తప్పయింది" అని గొణిగింది. తర్వాత, "అవ్వా, చెయ్యి వట్టు" అంది ఎప్పట్లాగే.

డాక్టర్ చూశాడు, బాగుందన్నాడు. ఆటోలో ఇంటికి వస్తుంటే నాకు మనసు ఆగలేదు. "అమ్మా, నిన్ను నిలవెట్టిన, తప్పే. నువ్వు మొదట పిలిచినప్పుడే ఇన్న" అన్నాను.

"తెల్సు" అంది.

"ఏం తెల్సు?"

"స్తంభం కాడ నిలవడ్డవు. ఒక కన్నే గద కట్టింది. మొదటిసారి పిలిచి ఇటు తిరిగితె ఎర్రంచు కనవడ్డది. ఆ అంచుకు కండెలు చుట్టింది నేను, నాకు తెల్వదా?"

ఒళ్ళో ఉన్న ఆ ఎర్రంచు వంక చూసుకున్నాను, కళ్ళు మళ్ళీ నిండాయి. "మరి కనవడ్డంక మల్ల ఎందుకు పిలిచినవ్?"

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. "నువ్వు ఇంకోసారి ఇనాలని నిలవడ్డవు గద" అంది.